కొయ్యపురుగుకు వేపనూనె ఒక్కటే చాలదు

మన అనంతపురం పాత మిద్దెల్లో దూలం కింద పిండిలాంటి పొడి రాలుతోందంటే కొయ్యపురుగు పట్టినట్టే. చెదలైతే మట్టి గూళ్లు కడతాయి, ఇది సన్న బెజ్జాలు పెడుతుంది.

చాలామంది వేపనూనె పూసేసి పనైపోయిందనుకుంటారు. నన్నడిగితే అది సగం పనే. నూనె పైన కొత్తగా గుడ్లు పెట్టకుండా కొంత ఆపుతుంది గానీ, లోపల తినే పిల్లపురుగు దాకా పోదు. దానికి వేడి తగలాల. కొయ్య లోపలిదాకా 55 డిగ్రీలు గంటసేపు ఉంటే చస్తుంది. పీటలు, మంచం కోళ్లు మే నెల ఎండలో నల్లపట్ట కప్పి పెట్టండి, ఆ తర్వాతే నూనె పూయండి.

దూలాన్ని ఎండబెట్టలేం. కొట్టి చూడండి. బోలుగా మోగితే ఏ పూతా వద్దు, వానలకు ముందే వడ్రంగిని పిలవండి. పైన మట్టి బరువుంది, కింద పిల్లలు పడుకుంటారు.

అసలు మందు కొయ్య కొనేటప్పుడే ఉంది. పురుగుకు కావాల్సింది బెరడు కింది తెల్లకొయ్యలోని పిండిపదార్థం. అందుకే పెద్దోళ్లు వెదురు, వేప కొట్టినాక వారాల తరబడి నీళ్లలో నానేసి, నీడన ఆరబెట్టేవాళ్లు. ఇప్పుడు తొందరపడి పచ్చికొయ్యతోనే ద్వారబంధాలు చేయిస్తున్నాం. నాలుగు రూపాయలు ఎక్కువైనా చేవ ఉన్న, బాగా ఆరిన కొయ్యే తీసుకోండి. నానబెట్టే పద్ధతి వీడియోలో చూపించాను, చూడండి.