తగవు అనగా జగడమేనా?

ఎనిమిదవ తరగతి పిల్లలను ‘తగవు తప్పని రాజు’ అన్న మాటకు అర్థము వ్రాయుమంటే ముప్పాతిక మంది ‘ఎప్పుడూ ఏదో ఒక గొడవలో ఉండే రాజు’ అని వ్రాశారు. నవ్వు వచ్చే మాటే గాని దోషము పిల్లలది కాదు. పాఠము చివర ఇచ్చే అర్థాల పట్టికలో ‘తగవు = గొడవ’ అని ఒక్క ముక్కతో సరిపెడితే, న్యాయము తప్పని రాజు వారికి ఎక్కడ కనబడతాడు?

తగవు అచ్చతెనుగు మాట. ‘తగు’ అనే క్రియ నుండి పుట్టినది. తగిన, తగని, తగినట్లు, తగుదునమ్మా అని ముందుకు వచ్చుట – ఇవన్నీ ఆ ఇంటివే. ఏది తగునో అది తగవు. అనగా ఔచిత్యము, న్యాయము, ధర్మము. కవిత్రయ భారతము నాటి తెలుగులో దీనికి ఈ అర్థమే ప్రధానము. ఇరుపక్షాల మాటా విని ఏది తగునో చెప్పుట ‘తగవు చెప్పుట’. చెప్పేవాడు ‘తగవరి’. ఇంత చక్కని మాటను విడిచి మధ్యవర్తి, న్యాయనిర్ణేత అంటూ తంటాలు పడుతున్నాము.

మరి న్యాయము జగడముగా ఎట్లు మారినది? తగవు కోరి పెద్దల ఎదుటికి తెచ్చిన వ్యవహారానికే క్రమముగా తగవు అని పేరు పడినదని నా అభిప్రాయము. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు నాటికే రెండర్థములూ పక్కపక్కన చేరినవి. ఇది ఈ ఒక్క మాటకే పట్టిన గతి కాదు. సంస్కృత ‘రథ్య’ ప్రాకృతము మీదుగా మనకు ‘రచ్చ’ అయినది. వీధి, నలుగురు కూడే చోటు అని దాని అర్థము. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెతలోని రచ్చ అదే. నేటి పిల్లలకు రచ్చ అంటే అల్లరి. ఐదుగురు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పే పంచాయితీ సైతము ‘వాళ్ళింట్లో రోజూ పంచాయితీయే’ అనేదాకా వచ్చినది. తీర్చే చోట్ల పేర్లన్నీ తీరని గొడవల పేర్లైనవి!

ఇక తగాదా మాట వేరు. వినడానికి తగవుకు తోబుట్టువులా ఉన్నా దానికీ దీనికీ చుట్టరికము లేదు. అరబ్బీ ‘తకాజా’ పారశీకము ద్వారా వచ్చి తగాదా అయినది. బాకీ కట్టుమని అడుగుట దాని మొదటి అర్థము. షోలాపురము తెలుగు పిల్లలను అడిగి చూడండి, మరాఠీలో ‘తగాదా’ అంటే నేటికీ ఆ ఒత్తిడియే.

మా హోసూరు ప్రాంతపు తల్లిదండ్రులతో ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. 2006 నాటి చట్టముతో తమిళనాట ఒకటవ తరగతి మొదలుకొని ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళము తప్పనిసరి అయినది. తెలుగు వెనుక వరుసకు పోయినది. ఆ బాధ నాకూ ఉన్నది. అయితే పిల్లవాని నోట తమిళము పెరుగుటయే తెలుగు నశించుటకు కారణమని ఇంట్లో అనడము సరి కాదు. మనము పోగొట్టుకొన్న అర్థము తమిళములో భద్రముగా ఉన్నది. వారి ‘తగవు’ నేటికీ యోగ్యత, ఔచిత్యములే. ధర్మకర్తలు లేని గుడికి ప్రభుత్వము నియమించే వ్యక్తిని ‘తక్కార్’ అంటారు, అనగా తగినవారు. ఆ పేరు గుడి పలకల మీద పిల్లలు చదువుతూనే ఉంటారు. మన ‘తీర్పు’ తమిళములోనూ తీర్పే, కన్నడములోనూ తీర్పే. ‘తీరు’ అనే ధాతువు ముగ్గురి ఉమ్మడి సొత్తు.

అర్థము మారిన మాటను వెనక్కు లాగవలెనని నేను అనను. అన్నదమ్ములు తగవుపడ్డారన్న వాక్యము నేటి తెలుగులో నిక్షేపముగా ఉన్నది. నేను కోరేది అర్థాల పట్టికలో మరొక రెండు పంక్తులు మాత్రమే. తగవు: 1. న్యాయము, 2. వివాదము అని వ్రాసి, దాని క్రింద ‘తగు’ ధాతువునూ తమిళ సోదరపదాన్నీ చూపవలెను. పట్టిక మారేదాకా ఆగనవసరము లేదు. ఉపాధ్యాయ మిత్రులు నల్లబల్ల మీద ఈ రెండు పంక్తులూ వ్రాయడానికి రెండు నిమిషములు చాలును. ఆ వ్రాసిన నాడు, ‘గుడి పలక మీద ఉన్నది ఇదే కదా అయ్యా’ అని అడిగేవాడు ఒక్కడైనా తరగతిలో లేకపోడు.