ఆడనివ్వని ఆయాసం

ఉబ్బసం ఉన్న పిల్లాడిని మన ఇళ్లలో సాకే పద్ధతి ఒకటుంది. దుమ్ములోకి వెళ్లకు, పరుగెత్తకు, చెమట పట్టనివ్వకు, చల్లగాలిలో నిలబడకు. ఇవన్నీ కూడదన్నాక వాడికి మిగిలేవి సోఫా, ఫోను, పక్కన ఒక చిప్స్ ప్యాకెట్టు. ‘అసలే ఆయాసప్పిల్లాడు, తిండి కూడా తగ్గిస్తే ఎలా’ అంటూ నాయనమ్మ ఇంకో ముద్ద కలుపుతుంది. రెండేళ్లు తిరిగేసరికి పిల్లాడు బొద్దుగా తయారవుతాడు. ఇంట్లోవాళ్లు దాన్ని కోలుకోవడం కింద జమ వేసుకుంటారు, చుట్టాలు దిష్టి తీయమంటారు. నాకు మాత్రం ఆ ఒళ్లు చూస్తే దిగులేస్తుంది.

ఉబ్బసానికీ లావుకూ చుట్టరికం ఉందని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఏది ముందు, ఏది వెనుక అన్నదే తగవు. దక్షిణ కాలిఫోర్నియాలో రెండు వేలకు పైగా పిల్లల్ని ఒకటో తరగతి ఈడు నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. మొదట్లో వాళ్లలో ఎవరికీ ఊబకాయం లేదు. 2017లో వెలువడిన ఫలితం చూస్తే, అప్పటికే ఉబ్బసం ఉన్న పిల్లలు తర్వాత ఊబకాయంలోకి జారే అవకాశం మిగతావాళ్లకంటే 51 శాతం ఎక్కువ. అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే పంపు వాడిన పిల్లల్లో ఆ ముప్పు 43 శాతం తక్కువ. మందుకే ఆ గుణం ఉండొచ్చని పరిశోధకుల ఊహ. గమనించి చెప్పిన మాటే తప్ప పరీక్ష పెట్టి తేల్చింది కాదు కాబట్టి అక్కడితో ఆగుదాం. పంపు వాడితే ఒళ్లొస్తుందని వాదించే పెద్దవాళ్ల ముందు పెట్టడానికైతే ఆ అంకె పనికొస్తుంది.

మరుసటి ఏడాదే అమెరికాలో ఐదు లక్షల మందికి పైగా పిల్లల ఆసుపత్రి రికార్డులు తిరగేసి రెండో వైపు నుంచి లెక్క కట్టారు. ఊబకాయం ఉన్న పిల్లల్లో కొత్తగా బయటపడే ఉబ్బసం కేసుల్లో 23 నుంచి 27 శాతం దాకా ఆ లావు వల్లే వచ్చాయని తేల్చారు. అంటే ఆయాసం లావును తెస్తుంది, లావు ఆయాసాన్ని తెస్తుంది.

లోపల జరిగేది ఇదీ. పొట్ట మీద, ఛాతీ మీద పేరుకున్న కొవ్వు డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది. ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవు, చిన్న చిన్న ఊపిరులతో సరిపెట్టుకుంటాయి. లోతైన ఊపిరి తీసినప్పుడు సాగాల్సిన గాలిగొట్టాలు సాగక బిగుసుకుపోతాయి. అది చాలదన్నట్టు కొవ్వు కణజాలం ఒంట్లోకి వాపును రేపే రసాయనాలు వదులుతుంది. పెరిగే వయసులో ఇంకో చిక్కు కూడా ఉంది. లావుగా ఉన్న పిల్లల్లో ఊపిరితిత్తులు పెద్దవవుతాయి కానీ గాలిగొట్టాలు అదే లెక్కన వెడల్పవవు. ఇల్లు పెంచి వాకిలి పాతదే ఉంచినట్టు. అందుకే అలాంటి పిల్లలు ఊదుడు పరీక్షలో మొత్తం గాలి బాగానే వదులుతారు, మొదటి సెకనులో వదలాల్సిన వంతు మాత్రం వదల్లేరు. పీల్చే స్టెరాయిడ్ మందు కూడా వీళ్ల మీద కాస్త మొండిగానే పనిచేస్తుందని తేలింది. పొట్టలోంచి పులుపు పైకి తన్నడం, నిద్రలో గురక, ఊపిరి తెగడం దీనికి తోడు.

అసలు గొడవ స్టెరాయిడ్ అన్న మాట దగ్గరే వస్తుంది. పంపు అలవాటైపోతుంది, స్టెరాయిడ్‌తో ఒళ్లు ఊరుతుంది, ఎత్తు ఆగిపోతుంది అని మూడు భయాలు. అలవాటు పడటం అబద్ధం. ఎత్తు సంగతి పూర్తిగా అబద్ధం కాదు: చిన్నప్పుడు ఏళ్ల తరబడి బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తగ్గారని అమెరికాలో 2012లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చెప్పింది. ఇక ఒళ్లు. ఈ భయంతో పంపు వద్దన్న ఇంట్లోనే పిల్లికూతలు మొదలైన ప్రతిసారీ సిరప్పో మాత్రో మింగిస్తారు. అందులో ఉన్నదీ స్టెరాయిడే, చాలాసార్లు అది ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు. ఇరవై కిలోల పిల్లాడికి రోజుకు 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ నోటిద్వారా పడితే, అది పంపులో రోజూ పీల్చే 200 మైక్రోగ్రాములకు బరువులో వంద రెట్లు. పంపులో మందును పనిచేసే చోటుకే నేరుగా పీలుస్తారు, ఒంట్లోకి చేరేది తక్కువ; మింగింది ఒళ్లంతా తిరుగుతుంది. తీవ్రంగా ఆయాసం వచ్చినప్పుడు నాలుగైదు రోజులు మింగించడం ప్రాణం కాపాడే వైద్యమే, దాన్ని తప్పుపట్టడం లేదు. నెలకోసారి ఆ అవసరం వస్తోందంటేనే రోజూ వాడాల్సిన పంపు వాడటం లేదని అర్థం. విపరీతమైన ఆకలి, చందమామలా ఉబ్బే ముఖం వచ్చేది అలా మాటిమాటికీ మింగించే దారిలోనే.

ప్రపంచంలో ఉబ్బసం ఉన్నవాళ్లలో మనదేశం వాటా ఎనిమిదో వంతు ఉంటుందని అంచనా. దానితో చనిపోయేవాళ్లలో మన వాటా నలభై శాతం పైనే. జబ్బుకీ చావుకీ మధ్య ఇంత తేడా రావడానికి వాడని పంపులు ఒక పెద్ద కారణం. ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఆయాసానికి చేపమందంటూ కొర్రమీను పిల్లను మింగించుకోవడానికి రాత్రంతా వరసలో నిలబడేవాళ్లను చూసి నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాదు. పిల్లాడి డొక్కలు ఎగరడం కళ్లారా చూసిన తల్లి ఎక్కడికైనా వెళ్తుంది. పంపు ఎలా పీల్చాలో, దానికి స్పేసర్ గొట్టం ఎందుకు తగిలించాలో ఆమెకు ఓపికగా ఓ పది నిమిషాలు చూపించేవాళ్లు దొరకలేదన్నదే నా బాధ.

లావు పిల్లాడికి ఆయాసం వస్తే అంతా బరువు మీదికి నెట్టేయడం కూడా సరికాదు. మన దగ్గర ఉబ్బసంతో బాధపడే పిల్లల్లో బక్కపలచనివాళ్లు బోలెడుమంది. దోమల చుట్టల పొగ, గోడల చెమ్మ, రోడ్డు మీది డీజిల్ పొగ లావూ సన్నమూ చూడవు. దీనికి తలకిందులు తప్పు ఇంకోటి ఉంది. మెట్లెక్కి రొప్పిన ప్రతి బొద్దు పిల్లాడికీ ఉబ్బసమని ముద్ర వేసి మందులు పెంచుకుంటూ పోవడం. ఆరేళ్లు వచ్చిన పిల్లలు చాలామంది స్పైరోమెట్రీ అనే ఆ ఊదుడు పరీక్ష చేయగలరు. ఊదించి చూడకుండా ఏళ్ల తరబడి మందు రాయకూడదు. పెద్దల బీఎంఐ లెక్క పిల్లలకు పెట్టకూడదు కూడా. వాళ్లకు వయసునుబట్టి, ఆడామగా తేడానుబట్టి భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించిన పట్టికలున్నాయి.

దేశంలో 5 నుంచి 19 ఏళ్ల లోపు ఊబకాయులు 1990లో సుమారు 4 లక్షలు. 2022కి కోటీ పాతిక లక్షలు. ఈ పెరుగుదలలో తిండి పాత్ర గురించి అందరూ రాస్తున్నారు, నేను బడి గురించి రాస్తాను. విద్యాహక్కు చట్టం 2009లోనే బడికి ఆటస్థలం ఉండాలంది. మన పట్టణాల్లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లలో నడుస్తున్న బళ్లకు ఆటస్థలం ఎక్కడుందో అనుమతులిచ్చినవాళ్లే చెప్పాలి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పెట్టి, ఉన్న ఒక్క పీటీ పీరియడ్‌ను లెక్కల సారుకి అప్పజెబుతారు. మైదానం ఉన్న బడిలోనైనా ఉబ్బసం పిల్లాడిని గోడవారన కూర్చోబెట్టి మిగతావాళ్ల బ్యాగులకు కాపలా పెడతారు. పీటీ సారును అననక్కర్లేదు, ఏమన్నా అయితే తల్లిదండ్రులు మీదపడతారని ఆయన భయం ఆయనది.

2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు చిన్నవయసు నుంచే ఉబ్బసం. అందరూ ఆమెలా పరుగెత్తాలని కాదు. రోజువారీ మందుతో జబ్బు అదుపులో ఉన్న పిల్లాడు కబడ్డీ ఆడొచ్చు, ఈత కొట్టొచ్చు, సైకిల్ తొక్కొచ్చు.

జూన్‌లో బళ్లు తెరిచే రోజుల్లోనే వానలూ మొదలవుతాయి, ఆయాసాలూ మొదలవుతాయి. ఆ వారం పుస్తకాల అట్టలతోపాటు ఇంకో పని పెట్టుకోవాలి. డాక్టరు చేత ఒక కాగితం రాయించి పీటీ సారుకి ఇవ్వాలి: ఆటకి పావుగంట ముందు ఆయాసానికి పీల్చే పంపు కావాలా వద్దా, కావాలంటే ఎన్నిసార్లు, పిల్లికూతలు వస్తే ఏం చేయాలి, ఎంతసేపటికి తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ పంపును ఆఫీసు గదిలో బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. అది పిల్లాడి జేబులోనే ఉండాలి.