స్తంభం ఒకటే, తీగ మాత్రం ఊళ్ళోనే ఆగిపోయింది



పోయిన వారం స్కాలర్‌షిప్పుల మీద రాసినదానికి చాలామంది విద్యార్థులు మెసేజ్‌లు పెట్టారు. మా కాలేజీ సెకండియర్ అమ్మాయి పెట్టిన మెసేజ్ దగ్గర టైము చూశాను. రాత్రి 12:20. మర్నాడు కనపడితే, "అంత రాత్రి దాకా ఎందుకు మేలుకుంటావే?" అని అడిగాను.

"పన్నెండు దాటితేనే కదా మేడం మళ్ళీ నెట్ వచ్చేది" అంది.

ఆ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, నాన్నది. రోజుకి ఒకటిన్నర జీబీ. పొద్దున్నే పనికి పోతూ ఆయన పట్టుకుపోతాడు. సాయంత్రం వచ్చాక తమ్ముడి వంతు. పదింటికల్లా ఆ రోజు డేటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది. అర్ధరాత్రి దాటాక కొత్త కోటా మొదలవుతుంది. అందరూ పడుకున్నాక ఈ పిల్ల పాఠాలు వింటుంది, నోట్స్ దించుకుంటుంది. పొద్దున నా మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడుతుంది. ఈ పిల్లని నేను క్లాసులో రెండుసార్లు నిలబెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మన దేశంలో డేటా చాలా చౌక అని టీవీ చర్చల్లో పెద్దమనుషులు చెబుతుంటారు. 2016లో జియో వచ్చాక ధరలు పడిపోయిన మాట నిజమే. కానీ ఫోన్‌లో డేటా వేరు, ఇంటికి నెట్ వేరు. బిందెతో మోసుకొచ్చుకునే నీళ్ళు వేరు, ఇంట్లో కుళాయి వేరు. ఈ తేడా మన ఆడవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఆ చౌక సంగతి కూడా కాస్త లెక్క వేద్దాం. 2024 జులైలో పెద్ద కంపెనీలు ధరలు పెంచాయి. జియోలో రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ 239 నుంచి 299 అయింది. అది కూడా నెలకి కాదు, 28 రోజులకి. ఏడాదికి పన్నెండు నెలలు, రీఛార్జులు మాత్రం పదమూడు. అంటే ఒక్క ఫోన్‌కి ఏడాదికి 3,887 రూపాయలు. రెండు ఫోన్లుంటే 7,774.

ఇంటికి లైను వేయించుకుంటే? నెలకి 399 రూపాయల ప్లాన్ అనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 471. ఏడాదికి 5,650. ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు, రాత్రి పదింటికి ఆగిపోదు. మరి మనవాళ్ళు ఎందుకు వేయించుకోరు?

ఎందుకంటే ఇంట్లో లైను ఉన్నా ఫోన్ రీఛార్జి తప్పదు. పనికి పిలవాలంటే మేస్త్రీ ఫోన్‌కే చేస్తాడు. కాబట్టి కూలి ఇంటికి లైను అదనపు బరువే. పైగా చాలాచోట్ల ఆరు నెలల డబ్బు ముందే కట్టమంటారు. రోజు కూలి మీద బతికే మనిషి మూడు వేలు ఒక్కసారి ఎక్కడ తెస్తాడు? చేతిలో డబ్బున్నవాడు ఏడాదికి ఒకేసారి కట్టి తగ్గింపు పొందుతాడు. లేనివాడు చిన్న ప్యాకులు, డేటా అయిపోతే పైన ఇంకో టాపప్. ఉప్పూ పప్పూ పొట్లాల్లో కొనుక్కునే ఇంటికి ఎప్పుడూ ఖరీదెక్కువే.

ఇంకో కారణం నా అనుభవంలోది. 2020 లాక్‌డౌన్‌లో మా అమ్మావాళ్ళింట్లో ఉండి ఆన్‌లైన్ క్లాసులు చెప్పాల్సి వచ్చింది. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఎండలో గొడుగేసుకుని చెప్పాను. ఇలా లాభం లేదని కేబుల్ అతన్ని ఇంటికి నెట్ అడిగాను. "ఊళ్ళో అయితే రేపే ఇస్తా మేడం. మీ పల్లె దాకా లాగితే నాకు గిట్టదు" అన్నాడు. అదే మనిషి మా పల్లెలో ఇంటింటికీ టీవీ కేబుల్ ఇచ్చి ప్రతినెలా వసూలు చేసుకుంటున్నాడు. అప్పుడు గిట్టింది. మనం సినిమా చూస్తామని నమ్మకం ఉంది, చదువుకుంటామని నమ్మకం లేదు!

ఇది ఒక్క కేబుల్ అతని దుర్మార్గం అని నేను అనను. లాభం చూసుకునేవాడి చేతిలో ఆఖరి తీగ పెడితే అది ఊరి చివర ఆగిపోతుంది. మన పల్లెలు ఊరి చివరే ఉంటాయి. అలా ఎందుకున్నాయో మీకు నేను చెప్పాలా? కులం గీసిన గీత మీదనే ఇవాళ మార్కెట్ నడుస్తోంది.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. ఆ తర్వాత రెండేళ్ళకే బడిని ఫోన్‌లోకి ఎక్కించేశారు. 2020 జూన్‌లో కేరళ మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పనిచేయదు, స్మార్ట్‌ఫోన్ లేదు, క్లాసులు అందలేదు.

అంతకు ముందే, 2019లో, ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని వేసిన కేసులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని చెప్పింది. 2023 జూన్‌లో ఆ రాష్ట్రం కె-ఫోన్ మొదలుపెట్టింది. 20 లక్షల పేద కుటుంబాలకి ఉచితంగా ఇంటి కనెక్షన్ లక్ష్యం, మొదటి విడత 14 వేల ఇళ్ళు. అమలు నెమ్మదిగానే సాగింది. కానీ పేదవాడి ఇంటికి నెట్ ఇవ్వడం ప్రభుత్వం పని అని ఒప్పుకున్నారు కదా, ముందు కావాల్సింది ఆ ఒప్పుకోలు.

మన దగ్గర కూడా దారి లేకపోలేదు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. కేబుల్‌ని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. చవగ్గా ఇవ్వొచ్చని, స్తంభాలు వాడుకోవచ్చని ప్రభుత్వమే రుజువు చేసింది. కరెంటు స్తంభం మన పల్లెలో కూడా ఉంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తున్న రాష్ట్రం మనది. అదే స్తంభం మీద ఇంకో తీగకి చోటు లేదా?

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి జాషువా గుర్తొస్తాడు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపాడు. 1941 నాటి కావ్యం. ఇవాళ స్కాలర్‌షిప్, అడ్మిషన్, హాల్‌టికెట్, ఉద్యోగ దరఖాస్తు, అన్ని గుళ్ళ తలుపులూ నెట్‌లోనే ఉన్నాయి. మన పిల్ల ఇప్పటికీ ఎవరి ఫోన్ ఖాళీ అవుతుందా అని గబ్బిలం కోసం చూస్తోంది. అదీ అర్ధరాత్రి.

"ఉచితంగా ఇస్తే రీల్స్ చూసి చెడిపోతారు" అనేవాళ్ళు ఉన్నారు. అపార్ట్‌మెంట్ల పిల్లలు వైఫైలో ఏం చూస్తున్నారో ఎవరైనా లెక్క అడిగారా? మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి అందరికీ నీతి గుర్తొస్తుంది.

మనం అడగాల్సినవి నాలుగు. రైస్ కార్డు ఉన్న ప్రతి ఇంటికీ రాయితీ ధరకి ఇంటి కనెక్షన్ ఇవ్వాలి. డిపాజిట్ వద్దు, ముందస్తు వద్దు, ఏ నెలకా నెల కట్టుకునే వీలుండాలి. ఆ కనెక్షన్ మీద జీఎస్టీ తీసేయాలి. ఏ ఊళ్ళో లైను ఇచ్చినా అక్కడి ఎస్సీ, ఎస్టీ వాడలకి కూడా ఇచ్చి తీరాలన్న షరతు ఆపరేటర్ లైసెన్సులోనే రాయాలి.

వాడలోకి తీగ లాగే ఖర్చుకి సబ్‌ప్లాన్ నిధులు వాడమని అడుగుదాం. 2013 చట్టం ఉన్నది అందుకే. కానీ జాగ్రత్త. మన పేరు చెప్పి ఊరందరి నెట్‌కీ ఆ డబ్బు మళ్ళించే తెలివి మన పాలకులకి దండిగా ఉంది. వాడలో ఎన్ని ఇళ్ళకి లైను వచ్చిందో పేరుపేరునా లెక్క చెప్పాకే పైసా ఖర్చు రాయాలి.

1985లో కారంచేడు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. నీళ్ళ కోసం అంత రక్తం ధారపోశాక కూడా కుళాయి ఊళ్ళో తిరిగి తిరిగి చివరికి మన దగ్గరికి వచ్చింది. కరెంటూ అంతే, రోడ్డూ అంతే. ఈ తీగ విషయంలో మాత్రం మనం ఇంకో ముప్పై ఏళ్ళు వంతు కోసం నిలబడొద్దు.

మీ పల్లెలో ఎన్ని ఇళ్ళకి ఇంటి నెట్ ఉంది? ఊళ్ళో ఎన్నిటికి ఉంది? ఈ ఆదివారం లెక్కపెట్టి కింద రాయండి. ఆ లెక్కలన్నీ కలిపి అర్జీ రాద్దాం. రాసే పని నాది.

మా సెకండియర్ పిల్లని ఇక క్లాసులో నిలబెట్టను. నిలబెట్టాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు.

జై భీమ్.