నవ్వించే దెబ్బలు

మన సినిమాల్లో కథానాయకుడికి దెబ్బ తగలదు. పాతికమందిని పడగొట్టి, దువ్విన పాపిడి చెదరకుండా తిరిగివస్తాడు. ఎప్పుడైనా తగిలినా పెదవి చివర ఎర్రరంగు చుక్క ఒకటి, అంతే. ఇటువంటి వీరులకు అలవాటుపడ్డ కళ్ళకు, 1983లో హాంకాంగులో కాంటనీసు భాషలో తీసిన "ప్రాజెక్ట్ ఎ" వింతగానే ఉంటుంది. అందులో జాకీ చాన్ ఒకణ్ణి గుద్దితే ఆ నొప్పి తన చేతికీ తెలుస్తుంది. కొట్లాటలో కుర్చీలు వీపులమీద విరుగుతాయి. తగిలినవాడు ఎదుటివాడి ముందు బింకంగా నిలబడి, చాటున ముఖం వంకర్లు తిప్పుకుంటాడు. నొప్పిని దాచబోయి దొరికిపోవటమే అందులో హాస్యం.

కథ పెద్దదేమీ కాదు. నూరేళ్ళకు పైనాటి హాంకాంగు. సముద్రపు దొంగలు ఓడలు దోచుకుంటుంటే, పట్టుకోవలసిన తీరరక్షక దళానికీ ఊళ్ళో పోలీసులకూ బొత్తిగా పొసగదు. దళం ఓడలు కాస్తా పేలిపోతాయి. ఆ నావికులను తీసుకుపోయి, తాము ఎవరితో తన్నుకున్నారో ఆ పోలీసుల్లోనే కలిపేస్తారు. మన ఆఫీసుల్లో జరిగే బదిలీల వంటిదే అనుకోండి.

మా మార్కాపురం వైపు ఎనభైల చివర, వీడియో డెక్కు అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు వేసుకునే రోజుల్లో నేనీ చిత్రం చూశాను. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. పలకల కార్ఖానాలో పనిచేసే కుర్రవాళ్ళు, చేతులకు బూడిదరంగు దుమ్ము ఇంకా వదలనివాళ్ళు, నా పక్కన కూర్చున్నారు. వారికి ఒక్క మాటా తెలియదు, నాకు సగం తెలుసు; నవ్వటంలో మాత్రం వారే నాకంటే ముందున్నారు. ఇందులో ఆశ్చర్యం లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా బాదుకుంటుంటే, రామరావణ యుద్ధానికి కునికిపాట్లు పడినవారు కూడా లేచి కూర్చునేవారు గదా! అక్కడ దెబ్బలు తినేది తోలు, ఇక్కడ మనిషి ఒళ్ళు. తేడా అంతే.

ఆ తేడా తెలిసే ఘట్టం ఒకటుంది. జాకీ చాన్ గడియారపు మేడ మీద ముల్లు పట్టుకుని వేలాడుతాడు. 1923లో "సేఫ్టీ లాస్ట్" అనే మూగచిత్రంలో హెరాల్డ్ లాయిడ్ వేలాడిన తీరే అది. కాని లాయిడ్‌కు మేడలమీద కట్టిన సెట్టూ, కెమేరా కోణమూ అండగా ఉన్నాయి. పైగా ఆయన పడలేదు. ఇతను పట్టు వదిలేశాడు. రెండు గుడ్డ పందిళ్ళు చించుకుంటూ నేలమీద పడ్డాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అందులో రెండు పడటాలను వెంటవెంటనే చిత్రంలో చూపించారు.

అదే 1923లో వచ్చిన బస్టర్ కీటన్ "అవర్ హాస్పిటాలిటీ"ని మన రాజమౌళి 2010లో "మర్యాద రామన్న"గా మలిచాడు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్నవాళ్ళం కనుక, ఆ సీమ పగల కథ మాకు పొరుగింటి కథ. గడప లోపల ఉన్నంతసేపూ అతిథిని చంపరాదన్న నియమం, గడప దాటకుండా సునీల్ పడే తిప్పలు కడుపుబ్బ నవ్విస్తాయి. అయితే ఆ నవ్వు భయం చుట్టూ తిరుగుతుంది. జాకీ చాన్ నవ్వు ఎముకల్లోంచి వస్తుంది.

ఆ ఎముకలు ఎక్కడ వంగాయన్నదే నన్ను కలవరపెట్టే సంగతి. ఏడేళ్ళప్పుడు తల్లిదండ్రులు జాకీని హాంకాంగులో యూ జిమ్ యూన్ నడిపే నాటక పాఠశాలలో చేర్చారు. తర్వాత వారు ఉద్యోగానికి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఈ చిత్రంలో ఇతనితో నటించిన సామో హంగ్, యూన్ బియావ్ కూడా అదే గురువు శిష్యులు. పిల్లిమొగ్గలు, తలకిందులుగా నిలబడటం, పాట, కత్తిసాము; తప్పితే బెత్తం. ఆ పిల్లల బృందానికి "ఏడుగురు చిన్ని అదృష్టవంతులు" అని పేరు! నాటకాలకు జనం తగ్గిపోయాక, పెద్దవాళ్ళవుతున్న ఆ కుర్రవాళ్ళు సినిమాల్లో కిందపడే పనికి కుదిరారు. 1988లో ఆ పాఠశాల కథను "పెయింటెడ్ ఫేసెస్"గా తీసినప్పుడు గురువు వేషం సామో హంగ్ వేశాడు. దెబ్బలు తిన్నవాడే బెత్తం పట్టాడన్నమాట.

మన పొరుగున కడప జిల్లా సురభిలో 1885లో వనారస గోవిందరావుగారు "కీచకవధ"తో మొదలుపెట్టిన నాటక సమాజంలోనూ పిల్లలు ఊహ తెలియకముందే రంగమెక్కారు. వారికీ కష్టాలు తక్కువేమీ కావు. కాని ఆ రంగంమీద తల్లి ద్రౌపదిగానో, తండ్రి భీముడుగానో పక్కనే ఉండేవారు. తెర పడ్డాక చంకనెత్తుకునేందుకు ఒక మనిషి ఉండేది.

"ప్రాజెక్ట్ ఎ" చివర పేర్లు పడేటప్పుడు, తప్పిపోయిన షాట్లు చూపిస్తారు. పిల్లలతో చూసేవారు అప్పుడు లేచిపోకండి, అవి కూడా చూడనివ్వండి. ఆ రాత్రికి మాత్రం అటకకు వేసిన నిచ్చెన తీసి దాచటం మంచిది.