తాళంచెవిని పాడుచేసింది నీళ్ళేనా?

పిల్లలూ, ఈసారి నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. సైన్సు మాష్టారు కూడా పొరపాటు చేస్తాడా అని నవ్వకండి. చేశాను. దానివల్ల పక్కింటాయనకు డబ్బు నష్టం కూడా వచ్చింది.

మా పక్కింట్లో ఒక కారు డ్రైవరు ఉంటున్నాడు. అప్పు చేసి సొంతంగా కారు కొనుక్కుని, పెళ్ళిళ్ళకీ, రైల్వే స్టేషనుకీ బాడుగకు తిప్పుతాడు. మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే అతని భార్య కంగారుగా మా ఇంటికి వచ్చింది. "బాబాయ్ గారూ, కొంప మునిగింది. ఈయన ప్యాంటు జేబులో కారు తాళం ఉన్నట్టు చూసుకోలేదు. బట్టలతోపాటు మెషిన్లో వేసేశాను. గంటసేపు తిరిగింది" అంది. వెనకాలే అతనూ వచ్చాడు. "జేబులు చూడమని ఎన్నిసార్లు చెప్పాను!" అంటూ ఆమె మీద కేకలు.

తాళాన్ని తువాలుతో తుడిచి మీట నొక్కాం. కారు కుయ్యిమంది. తలుపులు తెరుచుకున్నాయి. అందరం హమ్మయ్య అనుకున్నాం. అంతటితో ఊరుకున్నానా? "లోపల ఇంకా తడి ఉంటుందయ్యా, రాత్రికి బియ్యం డబ్బాలో పెట్టు. బియ్యం తడి పీల్చేస్తుంది" అని పెద్దరికంగా సలహా ఇచ్చాను. పాపం, అతను నా మాట మీద గౌరవంతో రెండు రాత్రులు పెట్టాడు.

మూడోరోజు తెల్లవారుజామున మీట నొక్కితే పలకలేదు. కొత్త సెల్లు వేసినా పలకలేదు. విప్పి చూస్తే, సెల్లు కూర్చునే చోట ఆకుపచ్చని పొడి, పక్కనే ఒక రాగిగీత తినేసినట్టుగా తెగి ఉంది. కొత్త తాళానికీ, దాన్ని ఆ కారు గుర్తుపట్టేలా చేయించడానికీ కలిపి అతని వారంరోజుల సంపాదన పోయింది.

ఈ కథ పదో తరగతిలో చెబితే ఒక అమ్మాయి లేచి, "నీళ్ళే పాడుచేస్తే ఆదివారమే పాడవ్వాలి కదండీ! మూడోరోజు ఎందుకు పాడైంది?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను ఆదివారమే వేసుకోవలసింది.

శుద్ధమైన నీరు విద్యుత్తును ఏమంత ప్రసరింపజేయదు. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు తయారుచేసే కర్మాగారాల్లో, లవణాలు తీసేసిన నీటితో బోర్డులను కడగడం మామూలే. కాబట్టి నీళ్ళు తగిలినంత మాత్రాన బోర్డు చచ్చిపోదు. కానీ బట్టలుతికే నీరు శుద్ధమైన నీరు కాదు. బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. సబ్బుపొడిలో చాకలిసోడా, అంటే సోడియం కార్బొనేటు ఉంటుంది. బట్టల్లోని చెమట వల్ల ఉప్పు చేరుతుంది. వీటన్నిటి అయాన్లూ కలిసిన నీరు మంచి వాహకం.

ఇక తాళంలో ఏముందో చూద్దాం. చాలా తాళాల్లో రూపాయి బిళ్ళలాంటి సెల్లు ఉంటుంది. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. ఇందులో 20 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. 'ఆర్' గుండ్రటిదని చెబుతుంది. 'సీ' అక్షరం లిథియం, మాంగనీస్ డయాక్సైడ్ రకానికి గుర్తు. ఈ సెల్లు ఇచ్చేది 3 వోల్టులు. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా కావలసింది 1.23 వోల్టులే. అంటే ఈ బిళ్ళ దగ్గర అవసరానికి మించిన వోల్టేజి ఉందన్నమాట.

ఇనప చెంచాకు రాగి పూత వేసే ప్రయోగం మీకు గుర్తుందా? ధనధ్రువానికి కట్టిన రాగి కరిగి అయాన్లుగా మారుతుంది. అవి ద్రావణంలో ప్రయాణించి ఋణధ్రువం దగ్గర మళ్ళీ రాగిగా పేరుకుంటాయి. తాళంలో జరిగింది అచ్చం ఇదే. ధనధ్రువం వైపున్న రాగిగీత కరుగుతుంది. కరిగిన రాగిలో కొంత ఆకుపచ్చని లవణాలుగా అక్కడే మిగులుతుంది. కొంత అవతలి గీత మీద చెట్టుకొమ్మల్లా పెరుగుతుంది. గీతల మధ్య ఎడం మిల్లీమీటరులో కొద్దిభాగమే కనుక కొమ్మలు అవతలికి అందుకుంటే వలయం అడ్డదారి పడుతుంది. ఇదంతా గంటల్లో, రోజుల్లో జరిగే పని. ఆదివారం మీట పనిచేసిందంటే తాళం బాగుందని కాదు, అప్పుడే కరగడం మొదలైందని. మూతవేసిన ప్లాస్టిక్ డొల్లలో, చిప్పుల అడుగున చేరిన చెమ్మ అంత త్వరగా పోదు. నీరు పోయినా లవణాలు పోవు. గాలిలో తేమ పెరిగితే మళ్ళీ చెమ్మగిల్లుతాయి.

కనుక ఆ ఉదయం నేను చెప్పవలసిన మొదటిమాట "సెల్లు తీసెయ్" అని. ఒక్క నిమిషం పని. మీట నొక్కి చూడటం కూడా ఆ తర్వాతే. డొల్ల విప్పి, బోర్డును డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. నీళ్ళతో పాడైనదాన్ని మళ్ళీ నీళ్ళతో కడగడమా అంటారేమో! మనకు కావలసింది లవణాలను బయటికి పంపడం. కార్ల బ్యాటరీల్లో పోయడానికి పెట్రోలు బంకుల దగ్గర అమ్మే నీళ్ళు చాలు. కొన్ని తాళాల్లో నల్లటి చిన్న గింజలాంటి చిప్పు విడిగా ఉంటుంది. అది జారిపోకుండా చూసుకోవాలి. తర్వాత డొల్ల తెరిచే ఉంచి నీడలో, ఫ్యాను కింద ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, కొత్త సెల్లు వెయ్యాలి.

మరి బియ్యం? ధాన్యం కొనుగోలు కేంద్రానికి మీ నాన్నగారితో వెళ్ళి ఉంటే, అక్కడ తేమ చూసే మీటరును చూసే ఉంటారు. 17 శాతం దాటితే ఒప్పుకోరు. ఆరిందనుకున్న బియ్యంలో కూడా పన్నెండు, పద్నాలుగు శాతం తేమ ఉంటుంది. పైగా మూసిన డొల్లలోని నీటిని గింజ బయట కూర్చుని ఎలా పీలుస్తుంది? పీల్చిందే అనుకుందాం, లవణాలను పీల్చదు కదా! తడిసిన ఫోన్లను బియ్యం సంచిలో పెట్టవద్దనీ, సన్నని నలుసులు లోపలికి పోయి చెరుపు చేయవచ్చనీ ఆపిల్ సంస్థ కూడా 2024లో తన వినియోగదారులకు సూచించింది.

నేను బియ్యం మాట ఎందుకు చెప్పానో తర్వాత ఆలోచించుకున్నాను. ఎవరో చెబితే విన్నాను. ఎప్పుడూ పరీక్షించి చూడలేదు. మా మామ్మ చెప్పిన చిట్కా అయితే "ఎందుకు?" అని ఎదురడిగేవాణ్ణే. ఫోను, రిమోటు అనే మాటలు పక్కనుండేసరికి అది సైన్సులాగే వినిపించింది.

మీరైనా పరీక్షించండి. ఒకే కొలత గల మూడు గుడ్డముక్కలను సమానంగా తడిపి తూచండి. ఒకటి బియ్యంలో పాతిపెట్టండి, ఒకటి గదిలో ఊరికే ఉంచండి, ఒకటి ఫ్యాను కింద వేలాడదీయండి. గంట గంటకూ తూచి రాసుకోండి. ఫలితం నేను చెప్పను. వీలైతే రెండు రాగితీగలను రెండు టార్చి సెల్లులకు కలిపి, ముందు డిస్టిల్డ్ వాటరులో, తర్వాత ఉప్పునీటిలో ముంచి, ఏ తీగ దగ్గర ఏం జరుగుతుందో గమనించండి. ఇంటి కరెంటుతో మాత్రం ఎంతమాత్రం చేయకూడదు.

ఒక ముఖ్యమైన సంగతి. తీసిన బిళ్ళ సెల్లును ఇంట్లో పసిపిల్లలకు అందనివ్వకండి. మింగితే గొంతులో ఇరుక్కుంటుంది. అక్కడి తడి కూడా ఉప్పునీరే కనుక, తాళంలో జరిగినట్టే విద్యుద్విశ్లేషణ జరుగుతుంది. ఋణధ్రువం దగ్గర ఘాటైన క్షారం పుట్టి రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలదు. అనుమానం వచ్చినా సరే, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళమని ఇంట్లో చెప్పండి.

ఇక పక్కింటాయనకు జరిగిన రెండో నష్టం. ఆ తెల్లవారుజామున రిమోటు పలకకపోతే తాళంతో తలుపు తీశాడు. అలారం మోగింది. కారు ఇక కదలదని భయపడి బాడుగను ఇంకొకరికి ఇచ్చేశాడు. అక్కర్లేదు! ఆ తాళంలో రెండు వేర్వేరు పరికరాలున్నాయి. తలుపులు తెరిచే రిమోటుకు సెల్లు కావాలి. మనదేశంలో అది ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపుతుంది. ఇంజన్ను నడవనిచ్చే చిప్పుకు మాత్రం సెల్లే లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో సుమారు 125 కిలోహెర్ట్జ్ విద్యుత్తు ప్రవహించినప్పుడు చిప్పులోని చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. ఆ కాస్త శక్తితో చిప్పు తన గుర్తుసంఖ్యను చెబుతుంది. గాజులోనో లక్కలాంటి పదార్థంలోనో మూసి ఉంటుంది కనుక ఉతుకుడుకు అది సాధారణంగా చెడదు. చాలా కార్లలో తాళం పెట్టి తిప్పితే అలారం ఆగి, ఇంజను మామూలుగానే కదులుతుంది. మీట నొక్కి నడిపే కార్లలోనైతే తాళాన్ని ఆ మీటకు, లేదా పుస్తకంలో చూపిన చోటుకు ఆనించాలి.

ఈ మొత్తం వ్యవహారంలో మాటలు పడ్డది మాత్రం బట్టలుతికిన ఆమె. ఇది నాకు నచ్చలేదు. జేబులో తాళం వదిలింది ఆయన, సెల్లు తీయించకుండా బియ్యంలో పెట్టించింది నేను. తయారుచేసినవారినీ ఒక మాట అనవలసిందే. చవకరకం చేతిగడియారాల్లో కూడా చాలావాటిలో సన్నని రబ్బరు చుట్ట ఉండి వానను ఆపుతుంది. రోజంతా జేబులో తిరిగే, వేలు ఖరీదుచేసే తాళానికి ఆ చుట్ట గట్టిగా పెట్టడం ఏమంత కష్టం? ఈ మాటలన్నీ ఆ దంపతులిద్దరి ముందూ చెప్పి, నా వంతు తప్పు ఒప్పుకున్నాను. ఆమె నవ్వింది. ఆయన గోడకు ఒక మేకు కొట్టాడు, తాళం తగిలించడానికి.

పాడైన తాళాన్ని అడిగి తెచ్చుకున్నాను. మా ప్రయోగశాల బీరువాలో ఉంది. ప్రశ్న వేసిన అమ్మాయి దాన్ని భూతద్దంతో చూసి మరో ప్రశ్న వేసింది: "మాష్టారూ, ఈ పచ్చపొడి ఒక ధ్రువం వైపే ఎందుకు ఎక్కువగా ఉంది? ఏ ధ్రువమై ఉంటుంది?" జవాబు నేను ఇంకా చెప్పలేదు. మీరు చెప్పండి.