నిప్పందించేది ఎవరు?

మా ఒంగోలు వైపు పొగాకును తిట్టడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమేనంటారు. నిజమే. బ్యారన్‌లో ఆకు పచ్చగా పండితేనే నా మెళ్లోకి బంగారం వచ్చింది. 1976లో ఏర్పడ్డ పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమూ మా గుంటూరులోనే. అయినా నేను లెక్కపెట్టేది వాసాలు కాదు, దగ్గులు.

చిన్నప్పుడు నాన్నగారి చుట్టకు పొయ్యిలోంచి నిప్పు తెచ్చిచ్చింది నేనే. "మా తల్లే!" అన్న మెప్పు కోసం పరిగెత్తేదాన్ని. చివరి రోజుల్లో ఆయన ఊపిరాడక తన్నుకుంటుంటే ఆ నిప్పే గుర్తొచ్చింది.

పెళ్లయ్యాక మావారికి పింగాణీ యాష్‌ట్రే కొన్నదీ నేనే. రోజూ కడిగి బల్లమీద పెట్టి, "మానెయ్యండీ" అని ఏడ్చేదాన్ని. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో కాలిస్తే జరిమానా అన్నారు. ఇంట్లో అడిగేవారేరీ?

ఓరోజు యాష్‌ట్రేను అటకెక్కించాను. "ఇంట్లో కాల్చడం కుదరదు. బూడిద నేనెత్తను" అన్నాను. అలిగారు, కసిరారు, సోంపు నమిలారు. మూడుసార్లు మానేసి మళ్లీ మొదలెట్టారు. నాలుగోసారి నిజంగానే మానారు.

కాల్చే తప్పు వాళ్లదే, కాదనను. కానీ "అది లేకపోతే ఆయనకు తోచదు, పాపం" అంటూ అగ్గిపెట్టె అందిస్తామే, ఆ పాపంలో మనకూ వాటా లేదంటారా? మానమని దేవుడికి మొక్కేముందు, అందించడం మనం మానేద్దాం!