ఏ విజయనగరం? ఏ ఐదో తేదీ?

'విజయనగరం, 5-7: తాగునీటికి జనం ఇక్కట్లు' అని ఓ వార్త వచ్చిందనుకుందాం. రాయగడ పాఠకుడికి అది రైలెక్కితే వచ్చే ఆంధ్రా జిల్లా. బళ్లారి పాఠకుడికి 2021లో తమ జిల్లా నుంచి విడిపోయి, హోస్పేట కేంద్రంగా ఏర్పడిన కర్ణాటక జిల్లా. ఇద్దరూ సరిగానే చదివారు. తప్పు రాసినవారిది.

ఆంధ్రాలో చదివేవారికి 'తూ.గో. జిల్లా' అంటే చాలు. సరిహద్దు దాటితే ఆ పొదుపు పనికిరాదు. 'కృ. జిల్లా' అంటే బెజవాడ వారికి కృష్ణా, హోసూరు వారికి కృష్ణగిరి. ఆ హోసూరే 2004 దాకా ధర్మపురి జిల్లాలో ఉండేది. ధర్మపురి అంటేనో, తెలంగాణ వారికి గోదావరి ఒడ్డున నరసింహస్వామి క్షేత్రం గుర్తొస్తుంది. నాలుగక్షరాలు మిగుల్చుకోబోయి ఊరినే పోగొట్టుకుంటున్నాం.

తేదీల సంగతీ అంతే. 5-7 అంటే మనకు జులై 5. అమెరికాలో ఉన్న అబ్బాయికి మే 7. పెళ్లి కబురైతే ఫోన్ చేసి కనుక్కుంటాడు. బడిలో చేరికలకో, పరీక్ష ఫీజుకో గడువైతే? 'నిన్న', 'నేడు' అని రాసి ఊరుకుంటే మరీ చిక్కు. తెలుగు బడి కావాలనో, పంతులు కావాలనో అర్జీ పెట్టేటప్పుడు మన సంఘాలు జతచేసేవి పత్రికల ముక్కలే. పదేళ్ల తర్వాత ఆ ముక్కలో 'నిన్న ఇక్కడ సభ జరిగింది' అని మాత్రమే ఉంటే, చూసే అధికారికి ఏం తెలుస్తుంది? జరిగిన సభ కూడా జరగనట్టే అవుతుంది.

అలాగని మన పేర్లు వదులుకోమని కాదు. ఒడిశాలో సర్కారు కాగితాల మీద బ్రహ్మపుర్ అయినా మన నోట అది బరంపురమే. ఆ పేరు ఉండాల్సిందే. మొదటిసారి రాసేటప్పుడు అధికారిక పేరు కూడా పక్కన చేరిస్తే అర్జీకీ పనికొస్తుంది, కొత్తగా వచ్చే చుట్టానికీ దారి తెలుస్తుంది.

అందుకే ఈ పేజీలో ఊరు, జిల్లా, రాష్ట్రం మొదటి ప్రస్తావనలో పూర్తిగా రాయాలి. నెల అక్షరాల్లో, ఏడాది నాలుగంకెల్లో వేయాలి. గడువు ఉన్న ప్రతి వార్తలో వారం పేరు కూడా చెప్పాలి. విలేకరులతోపాటు ప్రకటనలు పంపే సంఘాల కార్యదర్శులూ ఇది పాటించాలని మనవి. మేం తప్పితే ఓ కార్డు ముక్క రాసి నిలదీయండి. దాని మీద తేదీ, ఊరు వేయడం మాత్రం మరవకండి.